రంగు దిగిన మూడో రౌండు

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా తొడుక్కుని, బాక్సింగ్ క్లబ్బు ఫైనల్‌కి జడ్జిగా వెళ్ళి కూర్చోవాలి. ఈసారి మాట రాకుండా గట్టెక్కితే పెద్ద పోటీలకు జడ్జిగా ఆయన పేరే పంపిస్తానని క్లబ్బు ప్రెసిడెంటు మాటిచ్చాడు. ఎన్నాళ్ళ నుంచో ఆయన ప్రాణమంతా దాని మీదే ఉంది.

చిక్కల్లా ఫైనల్లో ఒకడు సొంత బావమరిది కావడమే. దాచకుండా ఆయనే వెళ్ళి చెప్పేశాడు. "మావాడిది ఎర్ర మూల, ఎర్ర బనీనండీ, అవతలివాడిది నీలం. అయినా సరే, నేను నిప్పు." వేరే జడ్జి దొరక్క ప్రెసిడెంటు ఆ నిప్పుకే సరేనన్నాడు.

"నా చొక్కా ఏదీ?"

భార్య తెచ్చింది. అది లేత గులాబీ రంగులో ఉంది.

"ఇదేంటి!"

"మా తమ్ముడి ఎర్ర బనీనుతో కలిపి మెషీన్లో వేశానండీ. కాస్త రంగు దిగింది. మీకు నప్పుతుందిలెండి."

"నా కొంప ముంచావు కదే!"

"చొక్కాకే కొంపలు మునుగుతాయా? అది సరే, మావాడికి ఒక్క పాయింటు ఎక్కువేస్తే మీ సొమ్మేం పోయింది?"

రంగంతా చొక్కాకు ధారపోసిన ఆ బనీను ఏ గతి పట్టిందో ఆవిడ చెప్పలేదు. తమ్ముడు దాన్ని అప్పటికే సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉన్నవాటిలో తెలుపుకి దగ్గరి చుట్టం ఆ గులాబీయే కాబట్టి ఆయన అదే తొడుక్కున్నాడు.

క్లబ్బులో అడుగు పెట్టగానే వెనక వరసలోంచి ఎవడో అందుకున్నాడు. "ఎర్ర మూల జడ్జిగారొచ్చారు, దారివ్వండి!" హాలంతా గొల్లుమంది. మైకులో గరగర తప్ప పేర్లు వినిపించలేదు. బాక్సర్లిద్దరిదీ ఒకే ఎత్తు, తలతొడుగుల్లో ముఖాలు కనిపించవు.

రౌండు గెలిచినవాడికి పది, రెండోవాడికి తొమ్మిది. పిడికిలి శుభ్రంగా తగిలిన దెబ్బే లెక్క. గ్లవ్స్ మీద పడింది ఎంత మోగినా దండగే. మొదటి రౌండు ఎరుపుకి, రెండోది నీలానికి న్యాయంగానే వేశాడాయన. ఇక తేల్చాల్సింది మూడోదే.

గంట మోగగానే వెనక నుంచి మళ్ళీ అదే గొంతు. "చూడండ్రా, ఇప్పుడు చొక్కా ఎటు వేస్తుందో!"

అంతే, ఆ తర్వాత ఆయనకు ఒక్క దెబ్బా కనిపించలేదు. తన చొక్కాయే కనిపించింది. ఎరుపుకి వేస్తే పేరు పోతుంది, వేయకపోతే ఇంట్లో అన్నం పుట్టదు. చెమటలు కక్కుతూ చివరికి పేరే కావాలనుకుని, కళ్ళు మూసుకుని నీలానికి పది వేశాడు.

మిగతా జడ్జీలిద్దరూ చెరోవైపు వేశారు, ఈయన పాయింట్లే తేల్చాయి. రిఫరీ నీలం మూలవాడి చెయ్యి పైకెత్తాడు. వాడు తలతొడుగు తీసి, "బావా!" అంటూ మీద పడ్డాడు.

"నువ్వేంట్రా ఇందులో!"

"అక్క ఉతికాక నా బనీను ఎరుపూ కాలేదు, తెలుపూ కాలేదు. అది వేసుకుంటే బరిలోకి దిగనివ్వం అన్నారు. ఇక్కడున్నవాటిలో నాకు పట్టింది నీలమే. పాపం, నాతో తలపడ్డ బేకరీ అబ్బాయి నాకోసం ఎర్ర మూలకి మారాడు."

ఇంతలో ప్రెసిడెంటు వచ్చాడు. "మీవాడిది ఎర్ర మూల అని చెప్పి, నీలానికి వేశారా? భలే నాటకమండీ!"

ఆయన నోరు తెరిచేలోగా భార్య పరిగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్ళకి నా మాట విన్నారండీ!" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయ్యాక ఆవిడ తనవైపు అలా చూడటం అదే మొదటిసారి. నోరు మూసుకుంటే ఇల్లు నిలబడుతుంది. కానీ నిప్పు ఊరుకుంటుందా?

"అబద్ధమండీ! ఎరుపు మావాడనుకునే, కావాలని నీలానికి వేశాను!"

"అంటే బావమరిదిని కావాలని ఓడించబోయారా? అదీ పక్షపాతమే కదండీ" అన్నాడు ప్రెసిడెంటు.

"ఓహో" అంది భార్య. గిరుక్కున తిరిగి బయటికి నడిచింది.

బావమరిది ఒక్కడే మెల్లిగా దగ్గరికొచ్చాడు. "అవన్నీ పోనీ బావా. నిజంగా ఆ రౌండు నేను గెలిచానా?"

"నేను చూళ్ళేదురా" అన్నాడాయన. ఆ మాట అంటుంటే ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

వచ్చే వారం మళ్ళీ పోటీ అన్నారు, వేరే జడ్జితో. పెద్ద పోటీలకు వేరెవరి పేరో వెళ్ళింది. అప్పట్నుంచి ఆ చొక్కా ఆయనే ఉతుక్కుంటున్నాడు. రంగు మాత్రం ఇంకా దిగలేదు.