పంటికింద ముత్యం

ఆ ఉదయం చిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం వదిన పని నుంచి రాగానే ఆమె మెడలో ముత్యాల దండ వేయడం, ఏడవకుండా నాలుగు మాటలు చెప్పడం.

తల్లి పోయిన ఏడాదే ఆ ఇంటికి కాపురానికొచ్చింది వదిన. చిన్నికి జడలు వేసింది, పరీక్షలప్పుడు పక్కనే కూర్చుని తనూ కునికిపాట్లు పడింది, బడిలో తల్లి చేయాల్సిన సంతకాలన్నీ చేసింది. ఆ రుణం తీరేది కాదని చిన్నికి తెలుసు. తీర్చుకోవాలని కూడా లేదు, ఊరికే చెప్పాలనుంది. మొదటి జీతం అందుకే వచ్చిందనిపించింది.

దండ ఫోన్‌లో కొన్నది. తన జీతానికి అందే ధరలో "అసలైన ముత్యాలు" అని కనిపించేసరికి వెనకాముందూ చూసుకోలేదు. తీరా పొట్లం విప్పితే ఒక్క ముత్యమూ సరిగ్గా గుండ్రంగా లేదు. నకిలీవేమోనని చిన్నికి అనుమానమొచ్చింది. వదినకు నకిలీ సరుకు కట్టబెడితే, తన కృతజ్ఞత కూడా ఆ బాపతే అయిపోదూ? మళ్ళీ ఫోన్‌లోనే వెతికింది. అసలు ముత్యం పంటికి రాస్తే సన్నటి ఇసుకలా గరుగ్గా తగులుతుందట, నకిలీది గాజులా జారిపోతుందట.

అద్దం ముందు నిలబడి దండను పంటికి ఆనించిందో లేదో, అన్నయ్య గదిలోకి వచ్చాడు. అన్నయ్య మంచివాడే కానీ, నోట్లో నువ్వుగింజ నానదు. ఎలాగూ నోటిదాకా వచ్చింది కదా అని చిన్ని దండ మొత్తం బుగ్గలోకి తోసేసింది.

"ఆ బుగ్గేంటే, అలా వాచిపోయింది?"

"ఊఁ," అంది చిన్ని.

"నొప్పిగా ఉందా?"

చిన్ని గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"అయ్యో, నొప్పికి మెలికలు తిరిగిపోతోంది! పిన్నిగారూ!"

పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చి బుగ్గ నొక్కి చూసింది. "ఒక గడ్డ కాదు నాయనా, వరసగా పుట్టుకొచ్చాయి!"

అన్నయ్య ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. వెంటనే వదినకు ఫోన్ చేశాడు. వదిన పనిచేసేది పళ్ళ ఆసుపత్రిలో, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర. నోట్లోంచి దండ తీసి చూపిస్తే అక్కడితో తేలిపోయేది. కానీ అసలుదని తెలియకముందే అది వదిన కంట పడటం చిన్నికి ఇష్టం లేదు. నోరు బిగించుకునే స్కూటరెక్కింది.

వరసలో ఉన్నవాళ్ళందరినీ బతిమాలి వదిన ఆమెను ముందు లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

"భయపడకే, నేనున్నాగా," అంది. అంటూండగానే ఆమె కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

అది చూశాక చిన్ని ఇక ఉండబట్టలేకపోయింది. నోరు తెరిచింది. డాక్టరమ్మ పట్టకారుతో దండ కొస అందుకుని లాగింది. ముత్యం వెనక ముత్యం వస్తూనే ఉంది.

"ఇన్నేళ్ళలో నోట్లోంచి పళ్ళు తీశాను గానీ, నగ తీయడం ఇదే," అంది డాక్టరమ్మ.

"నీకే వదినా," అని చిన్ని బావురుమంది. "మోసపోయానేమోనని పంటికి రాసి చూసుకుంటున్నా. ఒక్కటీ గుండ్రంగా లేదు."

డాక్టరమ్మ దండను వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉందమ్మా. మంచినీళ్ళలో పెంచిన ముత్యాలివి, అందుకే గుండ్రంగా ఉండవు, చవకగానూ దొరుకుతాయి. ఆ చవక ధరకి అచ్చుపోసినట్టు అన్నీ ఒకేలా వచ్చుంటే, అప్పుడు అనుమానపడాలి."

వదిన దండను కుళాయి కింద కడిగి, పంటికి రాసుకుని చూసింది. "గరుగ్గానే ఉందే!" అని నవ్వింది. ఆ తడి దండనే మెడలో వేసుకుంది. "నకిలీదైనా తీసేదాన్ని కాదులే. నీకు అమ్మలా ఉన్నానో లేదోనని ఇన్నేళ్ళూ నాకే అనుమానంగా ఉండేది, చిన్నీ."

చెప్పాలనుకున్న నాలుగు మాటల్లో చిన్నికి ఒక్కటీ గుర్తురాలేదు. వదిన భుజం మీద తల పెట్టి తనివితీరా ఏడ్చింది. ఇంతటి మనిషిని ఇచ్చినందుకు అన్నయ్య పెళ్ళికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఈలోగా తలుపు సందులోంచి అంతా విన్న అన్నయ్య బయట వరసలో ఉన్నవాళ్ళందరికీ కథంతా చెప్పేశాడు. మరుక్షణం ఆడవాళ్ళు మెడల్లోని దండలు విప్పి చేత పట్టుకుని లోపలికి తోసుకొచ్చారు.

మర్నాడు ఆసుపత్రి తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది: "ఇక్కడ పళ్ళు మాత్రమే చూడబడును."