మసి అంటని ఆవిరి ఇంజను

లోకోషెడ్డు వెనక ముళ్లకంపల్లో ఏళ్ల తరబడి తుప్పుపట్టి పడి ఉన్న పాత ఆవిరి ఇంజనును బాగుచేసే మహత్కార్యం దిగ్విజయంగా ముగిసిందనీ, ఇంజను ఇప్పుడు సంపూర్ణంగా నడిచే స్థితిలో ఉందనీ, కాబట్టి దాని పొయ్యిలో నిప్పు వెయ్యాలన్న దురాలోచన ఎవరూ పెట్టుకోరాదనీ పునరుద్ధరణ సంఘం సంతోషంగా ప్రకటించింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. సంఘంలో సభ్యుడైన డీజిలు డ్రైవరు ఒక్కడే కొట్టలేదు. అతని బాధ అతనికుంది.

ఆ బాధ పేరు మామగారు. ఆయన ఆవిరి కాలపు డ్రైవరు. ఉద్యోగం మాని ఎన్నాళ్లయినా, ఇంటికి ఎవరొచ్చినా చొక్కా చేతులు పైకి మడిచి కాలిన మచ్చలు చూపించందే మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వరు. ఒక్కో మచ్చకీ ఒక కథ ఉంది. కొన్నిటికి రెండేసి ఉన్నాయి. ఆయన దృష్టిలో లోకంలో డ్రైవర్లంటే బొగ్గుతో బతికినవాళ్లే. "మీట నొక్కితే పోయేదాన్ని నడపడం కూడా ఒక నడపడమేనా అల్లుడుగారూ? ఆ మాటకొస్తే ఇంట్లో మిక్సీ నేనూ నడుపుతాను," అనేవారు. ఎవరికి పరిచయం చేసినా "మా అల్లుడు. రైల్వేలో ఉంటాడు," అని ఊరుకునేవారు. ఏం చేస్తూ ఉంటాడో వినేవాళ్ల ఊహకే వదిలేసేవారు. అతను ప్లాట్‌ఫారం మీద బండి కోసం ఎదురుచూస్తూ ఉంటాడని చాలామంది అనుకున్నారు.

డ్రైవరు అన్న మాట ఆ నోటివెంట ఒక్కసారి వింటే చాలని అల్లుడి కోరిక. "మా నాన్న చేత ఆ మాట అనిపించడం కంటే ఆ తుప్పు ఇంజను చేత పరుగు తీయించడం తేలికండీ," అంది భార్య నవ్వుతూ. ఆమె నవ్వులాటకే అంది గాని, అతను మనసులో పెట్టుకున్నాడు. తేలికైన పనే ముందు చేద్దామని సంఘంలో చేరాడు.

సంఘం ఆషామాషీ సంఘం కాదు. అధ్యక్షులవారు జన్మలో బొగ్గు ముట్టినవారు కారు. అందుచేత ఇంజను విషయంలో నిష్పక్షపాతంగా వ్యవహరిస్తారని ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మల్లెపువ్వులాంటి తెల్లబట్టల్లో తప్ప ఆయన్ని చూసినవారు లేరు. మిగతా సభ్యుల్లో ఒకరు దీపాలంకరణలో దిట్ట, ఒకరు పూలకుండీల్లో, ఇంకొకరు వందన సమర్పణలో. ఇంజను గురించి తెలిసినవాడు ఒకడైనా ఉండాలని నిబంధన ఒకటి ఏడ్చింది కాబట్టి, గత్యంతరం లేక డీజిలు డ్రైవరును చేర్చుకున్నారు.

ఇక ఆ షెడ్డుకు తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. పెద్దలెవరైనా చూడ్డానికి వస్తున్నారంటే చేస్తున్న పని ఆపి రంగు వెయ్యాలి. పని ఎంతవరకు వచ్చిందన్నది తర్వాతి మాట, ముందు రంగు. అధ్యక్షులవారికి ఇంజనంటే వల్లమాలిన అభిమానం కనుక వారం వారం వచ్చేవారు. వచ్చినప్పుడల్లా రంగుల మేస్త్రి ఒక పూత పూసేవాడు. పూత మీద పూత, దాని మీద ఇంకో పూత పడి, ఇంజను బొద్దుగా నిగనిగలాడుతూ పెళ్లికూతురి మేనత్తలా తయారైంది. విప్పాల్సిన బోల్టులు రంగు కింద సమాధి అయ్యాయి. తిప్పాల్సిన మరలు తిరగడం మానేశాయి. ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు సున్నా దగ్గర దిగాలుగా పడి ఉందనీ, ఫొటోలో కళగా ఉండదనీ, మేస్త్రి అద్దం తీసి దాన్ని నిండు ఒత్తిడి దగ్గర నిలబెట్టి రంగుతో అతికేశాడు. ఆనాటి నుంచి ఇంజను నీళ్లు లేకుండా, నిప్పు లేకుండా పూర్తి శక్తితో ఉంటూ వచ్చింది. ఇంతటి పొదుపు ఆవిరి యుగంలో ఎవరూ సాధించలేదు.

పూతకూ పూతకూ మధ్య దొరికిన సందులో డీజిలు డ్రైవరూ షెడ్డువాళ్లూ దొంగతనంగా ఇంజను బాగుచేశారు. పగిలిన గొట్టాలు మార్చారు. కారే చోట్ల అతుకులు వేశారు. అతుక్కున్న ముల్లును గీకి గీకి విడిపించారు. మేస్త్రి కంటపడకుండా మరమ్మతు చెయ్యడమంటే మాటలు కాదు. చివరికి బాయిలర్లు పరీక్షించే అధికారి వచ్చి, నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, చుట్టూ తిరిగి చూసి, "బ్రహ్మాండంగా ఉందయ్యా, ఇక నిప్పు వేసుకో," అని వెళ్లాడు. ఆ సాయంత్రం అల్లుడు ఇంటికి నడిచి రాలేదు, గాల్లో తేలుతూ వచ్చాడు.

ఆ సంబరం మర్నాటి సమావేశం దాకానే.

"నిప్పు వేస్తే పొగ వస్తుందా?" అని అడిగారు అధ్యక్షులవారు.

"వస్తుంది సార్."

"ఏ రంగు?"

"నలుపు సార్."

రంగుల మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్ని పూతలు పూశాను బాబూ. కన్నబిడ్డ లాంటిది. దాని మొహాన మసి పూస్తారా?" అన్నాడు. అధ్యక్షులవారు లేచి నిలబడి చరిత్రాత్మకమైన ఉపన్యాసం చేశారు. "ఈ ఇంజను మన వారసత్వ సంపద. సంపదను కాపాడుకోవాలే గాని కాల్చుకుంటామా? ఆనాటివాళ్లు తెలియక దీన్ని నడిపారు. నడిపి నడిపి ఏం చేశారు? పాడుచేశారు! ఆ పొరపాటు మనం చెయ్యబోవడం లేదు!"

ఆ వెంటనే తీర్మానాలు జరిగిపోయాయి. ప్రారంభోత్సవం నాడు ఆవిరి ఇంజనును వెనక నుంచి ఒక డీజిలు ఇంజను నెట్టాలి. అది ఎవరికీ కనపడకుండా దాని మీద అడవి బొమ్మ వేసిన గుడ్డ కప్పాలి. పొగ కోసం నాటకాల వాళ్ల పొగమిషను తేవాలి. అది తెల్లటి పొగ, పైగా సువాసన కూడా. కూత లౌడుస్పీకరులోంచి రావాలి. ఇంజనులో డ్రైవరు వేషంలో అధ్యక్షులవారి బావమరిది నిలబడాలి, ఆయన మంచి అందగాడు. ఆయన బుగ్గ మీద కాస్త మసి ఉంటే సహజంగా ఉంటుందని, అది పెట్టడానికి మేకప్ చేసేవాణ్ణి పిలిపించాలి. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పిన మాట తప్పని రుజువు చేసిన మొదటి సంఘంగా వీరి కీర్తి శాశ్వతం. గుడ్డ కింద డీజిలు నడిపే బాధ్యత మాత్రం, అనుభవజ్ఞుడు కాబట్టి, మన డ్రైవరుకే అప్పగించారు.

ఇంట్లో సంగతి తెలిసింది. మామగారు పగలబడి నవ్వుతారని అల్లుడు గుండె రాయి చేసుకుని కూర్చున్నాడు. ఆయన నవ్వలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

"పోనీలెండి అల్లుడుగారూ. ముసుగేసుకుని మీట నొక్కడమేగా. ఎవరూ చూడరు, పరువైనా దక్కుతుంది," అన్నారు.

"నాన్నా, నీకో దండం. ఇక ఊరుకో!" అని కూతురు కసిరింది. వంటింట్లోకి వచ్చాక మొగుడితో, "చెయ్యనని చెప్పెయ్యండి. మీకేం ఖర్మ?" అంది.

"నేను కాకపోతే ఇంకొకడు నెడతాడే. కనీసం దాని దగ్గర ఉంటాను కదా," అన్నాడతను.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే దీపాలంకరణ సభ్యుడు తన ప్రతిభనంతా ఒకేసారి వెలిగించి చూద్దామనుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. దీపాలతోపాటు పొగమిషనూ, లౌడుస్పీకరూ, మైకూ చల్లగా ఊపిరి వదిలాయి. అధ్యక్షులవారికి చెమటలు పట్టాయి. "పొగ లేకపోతే జనం నవ్విపోతారు! ఏదో ఒకటి చేసి పొగ తెప్పించవయ్యా!" అని డ్రైవరు మీద పడ్డారు.

"ఏదైనా చెయ్యొచ్చా సార్?"

"ఏదైనా చెయ్యి!"

ఆ మాట పూర్తయ్యేలోపల అతను షెడ్డువాళ్లను వెంటేసుకుని బొగ్గుకోసం పరిగెత్తాడు. బాయిలర్లో నీళ్లు నింపించి నిప్పు రాజేశాడు.

చల్లటి బాయిలర్లో ఆవిరి పుట్టాలంటే పూటంతా పడుతుంది. మామూలు సభైతే ఆ టైము చాలేది కాదు. మైకు లేకపోవడం కలిసొచ్చింది. వక్తలు గొంతు చించుకుని అరిచారు. వెనకవాళ్లు వినపడలేదంటే మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. ముందువాళ్లు వినపడిందని మొరపెట్టుకున్నా కనికరించలేదు. ఆవిరి ఇంజను పుట్టుక దగ్గర మొదలుపెట్టినాయన అధ్యక్షులవారి పుట్టుక దాకా వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఈలోగా ముల్లు, ఎవరూ రంగు వెయ్యకుండానే, తనంతట తాను నిండు ఒత్తిడికి చేరింది. అధ్యక్షులవారు "కాలుష్యరహితమైన ఈ శుభఘడియలో" అనగానే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆకాశం చిరిగేలా బుస్సుమంది. ఉపన్యాసం అయిపోయిందనుకుని జనం కరతాళధ్వనులు చేశారు.

ఆ సెగకి బావమరిది బుగ్గ మీది మసి కరిగి మెడదాకా కారింది. ఆయన ఒక్క ఉదుటున కిందికి దూకి కనపడకుండా పోయారు. డ్రైవరు కూత పెట్టి, ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద చెయ్యి వేశాడు. ఇంజను కదిలింది. వెనకున్న డీజిలు ఇంజను ఉన్నచోటే గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. కొక్కెం తగిలిస్తే రంగు గీసుకుపోతుందని మేస్త్రి రెంటినీ తగిలించనివ్వలేదు మరి.

ముందు వరసలో కూర్చున్న మామగారు కూతురి చెయ్యి విదిలించుకుని ఇంజను పక్కన నడిచారు, తర్వాత పరిగెత్తారు. అల్లుడు చెయ్యి అందించాడు. పైకి ఎక్కీ ఎక్కగానే ఆయన మొదలుపెట్టారు. "నీళ్లు చూసుకోవోయ్! కళ్లు నెత్తికెక్కాయా? పొయ్యి తలుపు అలా బార్లా తెరిస్తే చలేస్తుందిరా దానికి! ఆ పార ఇలా తే!" ఇన్నేళ్లూ గారూ గీరూ అంటూ మీరుతో కొట్టిన మనిషి, మొదటిసారి నువ్వు అని తిట్టారు. అల్లుడికి ఒళ్లు పులకరించింది. మిక్సీ నడిపేవాణ్ణి ఎవరూ అలా తిట్టరు. ఇంజను ఊరి చివరి సిగ్నలు దాకా వెళ్లి, వెనక్కి నడిచి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది. మామగారు కళ్లు తుడుచుకుంటూ "పొగ," అన్నారు. అంతే అన్నారు. అల్లుడు ఎదురుచూసిన మాట మాత్రం రాలేదు.

జనం నుంచి ఫిర్యాదులు వచ్చాయి. పొగ వాసన వేసిందన్నారు. కూతకి పిల్లలు జడుసుకున్నారన్నారు. వీడియోల్లో చూసినంత సహజంగా లేదన్నారు. అధ్యక్షులవారి తెల్లబట్టల సంగతి చెప్పక్కర్లేదు. ఆవిరి ఇంజనును అనుమతి లేకుండా ఆవిరితో నడిపిన నేరానికి డ్రైవరు మీద విచారణ వేశారు. రుజువైతే ఇంజన్ల దరిదాపులకు రానివ్వకుండా ఆఫీసులో కూర్చోబెడతారు.

విచారణాధికారి సాక్ష్యంగా ఊరివాళ్ల ఫోన్లలోని ఫొటోలన్నీ తెప్పించారు. చచ్చేన్ని వచ్చాయి. ఇంజను కదిలిన క్షణాన ఊరు ఊరంతా దానికి వీపు పెట్టి, చెయ్యి చాపి, తమను తామే ఫొటో తీసుకున్నారని తేలింది. ఫొటోల నిండా మొహాలే. కొన్ని మొహాల వెనక ఖాళీ పట్టాలు కనపడ్డాయి గాని, అవి ఇంజను లేదనడానికి సాక్ష్యమే తప్ప నడిచిందనడానికి కాదని సంఘం వాదించింది. మీరు కళ్లారా చూశారా అని అడిగితే, ఫొటోలో పడకపోతే చూసినట్టెలా అవుతుందని జనం ఎదురడిగారు.

"అయితే ఇంజను కదలనే లేదు. నువ్వు నిర్దోషివి," అన్నారు అధికారి.

మామగారు దిగ్గున లేచారు. "ఎవరండీ నిర్దోషి? నడిపాడండీ! నా పక్కన నిలబడి బొగ్గేసి, ఆవిరి పట్టి, సిగ్నలు దాకా తీసుకెళ్లి తెచ్చాడు! వీడు డ్రైవరండీ! మా అల్లుడు డ్రైవరు! రాసుకోండి, రాసుకుని ఏ శిక్ష వేస్తారో వెయ్యండి!"

ఆ మాటకు అల్లుడి కళ్లు చెమ్మగిల్లాయి. "నేనే నడిపాను సార్. వెయ్యండి," అన్నాడు మొహమంతా నవ్వుతో. బంధువుల సాక్ష్యం చెల్లదనీ, ముద్దాయి సంతోషం అనుమానాస్పదంగా ఉందనీ చెప్పి అధికారి కేసు కొట్టేశారు. ఇంజనుకు మళ్లీ రంగు వేశారు.

మామగారు ఊరుకుంటారా? అల్లుడికి శిక్ష పడేదాకా నిద్రపోనని, ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు అడుగుతున్నారు. తలుపు తీసిన ప్రతివాళ్లతోనూ ముందు "నేను డ్రైవరు మామగారినండీ," అని చెప్పుకుంటున్నారు. ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు కదా. కాస్త ఫోను తీసి చూడండి. మీ భుజం మీదుగా గాని, చెవి వెనక గాని గోరంత ఇంజను కనపడితే చాలు, ఆయనే మీ ఇంటికి వచ్చి చూసుకుంటారు. కనపడకపోతే నొచ్చుకోకండి. మీ మొహం మాత్రం చాలా బాగా వచ్చింది.