పద్నాలుగో కిటికీ

ఆదివారం పొద్దున్నే మేస్త్రీని పిలిపించి, భోజనాల వేళకల్లా వంటింటికి కిటికీ పెట్టించేయాలని ఇంజనీరుగారు నిర్ణయించారు. ముప్పై ఏళ్లపాటు వంతెనలు కట్టించి రిటైరైన మనిషికి కిటికీ ఒక లెక్కా? మిరపకాయలు వేగినప్పుడల్లా దగ్గలేక చస్తున్న ఆయన భార్య పదకొండేళ్లుగా అడుగుతున్న కోరిక అది.

పని మొదలుపెట్టే ముందు ఆయన బీరువాలోంచి ఇంటి పాత దస్తావేజు తీశారు. ఆ ఇల్లు కట్టింది ఒక కలప వ్యాపారి. అతని దగ్గర ఒక డాక్టరు కొన్నాడు, డాక్టరు దగ్గర ఇంజనీరుగారి తాత కొన్నాడు. తాత పోయాక కొడుకులిద్దరూ నడుమ గోడ కట్టుకుని ఇల్లు పంచుకున్నారు. ఇప్పుడు ఇవతలి సగంలో ఇంజనీరుగారు, అవతలి సగంలో ఆయన బాబాయి.

"మొత్తం పద్నాలుగు కిటికీలని రాసుంది. మన వైపు ఏడు, బాబాయి వైపు ఆరు. అంటే ఒకటి ఎక్కడో మూసేశారు! కొత్తది కొట్టడమెందుకు? పాతదే తెరుద్దాం."

"అది వంటింట్లోనే ఉందని రాశారాండీ?" అంది భార్య.

"ఈ ఇంట్లో ప్రతి ఇటుకా నాకు తెలుసు."

గరిటె కాడతో గోడలన్నీ కొట్టి చూశారు. వంటింటి పక్క గోడ ఒకచోట డొల్లగా మోగింది.

"అటు బాబాయిగారిల్లు కదా సార్," అని మేస్త్రీ నసిగాడు.

"డొల్లగా మోగిందంటే మధ్యలో సందున్నట్టే. నువ్వు కొట్టవయ్యా!"

నాలుగు దెబ్బలకి ఇటుకలు అటు పడ్డాయి. వెంటనే అద్దం భళ్లున పగిలింది. కన్నంలో, మొహం నిండా సబ్బు నురగతో బాబాయి ప్రత్యక్షమయ్యాడు.

"ఒరేయ్, తలుపు తట్టొచ్చుగా!"

"పద్నాలుగో కిటికీ కోసం, బాబాయ్..."

"అదా? దాన్ని మా నాన్న ఎప్పుడో తలుపు చేయించాడు. నలభై ఏళ్లుగా నువ్వు పెరట్లోకి పోతున్నది అందులోంచేరా!"

మేస్త్రీ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. ఇంజనీరుగారికి రోషం ముంచుకొచ్చింది. "నా వంటిల్లు, నా ఇష్టం!" అనేశారు.

అంతే, బాబాయి నురగైనా తుడుచుకోకుండా పంపకాల కాగితం పట్టుకొచ్చాడు. అందులో అక్షరాలా ఉంది: వంటిల్లు బాబాయి వాటా. అన్నగారి సంసారం పెద్దదని వాడుకోనిచ్చాడంతే. ఇంజనీరుగారు మూడుసార్లు చదివారు. కళ్లజోడు మార్చి ఇంకోసారి చదివారు. వంటిల్లు చేజారిపోయినట్టే అనిపించి, కుర్చీలో కూలబడ్డారు.

"ఇప్పుడు చెప్పు, ఎవరిదిరా వంటిల్లు?"

"మీదే మామయ్యగారూ," అంటూ ఇంజనీరుగారి భార్య బాబాయి చేతిలో గరిటె పెట్టింది. "కూర స్టవ్ మీదుంది. మిరపకాయలు మీరే వేయించాలి. మీ అన్నగారబ్బాయిని కూడా సాయం తీసుకెళ్లండి."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు బాబాయి.

ఆవిడ హాల్లో పేపరు విప్పింది. రెండో పేజీకి వచ్చేసరికి లోపల దగ్గులు జోడుగా మొదలయ్యాయి. కళ్లూ ముక్కూ ఏకమైన బాబాయి బయటికి దూసుకొచ్చి, మేస్త్రీ చేతిలో గునపం లాక్కుని, మళ్లీ లోపలికెళ్లి పెరటి వైపు గోడ మీద పడ్డాడు.

"అక్కడ కాదు బాబాయ్, కొంచెం కుడికి..."

"నోర్ముయ్యరా!"

పావుగంటలో మనిషి తల పట్టేంత కన్నం పడింది. ఆవిడ వచ్చి దాని ముందు నిలబడి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"గాలి బాగా వస్తోంది మామయ్యగారూ. కూరే మాడింది."