ఏడు సముద్రపు రాళ్ల సహజత్వ విచారణ

ఒక రాయి సహజమైనదని నేను ఏ ఆధారంతో నమ్మాలి? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకుంటూ అప్పట్లో ఇరవై రెండు రోజులు గడిపాను. జ్ఞానానికి మూలం అనుభవమా, తర్కమా అని పూర్వులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. మూడో మూలం ఒకటుందని వారికి తెలియదు. అది ధ్రువీకరణ పత్రం. రెండు వేల ఆరో సంవత్సరంలో, జూలూరుపాడుకు కాస్త ఇవతల ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉంటూ నేను దాన్ని కనుగొన్నాను.

సముద్రం లేని మండలాలకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడానికి ఆ ఏడాది ‘సముద్ర సామీప్య పథకం’ వచ్చింది. (తాగునీటి సామీప్య పథకం ఇంకా పరిశీలనలో ఉంది.) దాని కింద మాకు ఒక గాజు తొట్టి, రెండు బస్తాల ఉప్పు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు అందాయి. రాళ్లు అందలేదు. రాళ్లకు వేరే శాఖ ఉంది.

ఉప్పునీటి తొట్టిలో రాయి అలంకారం కాదు. దాని రంధ్రాల్లో కంటికి కనపడని జీవులుండి, చేపల మురికిని తిని, నీటిని శుభ్రం చేస్తాయి. రాయి లేకపోతే చేప తన మురికిలోనే ఈదుతూ నీరసించిపోతుంది. ఆ పరిస్థితి రాకుండా మా అటెండరు మోతీలాల్ రోజూ కొంత నీరు తోడి, ఉప్పు కలిపిన కొత్త నీరు పోసేవాడు. అతడు తొమ్మిదేళ్లుగా రోజుకూలీ. తనిఖీ నాటికి రెండు చేపలూ బతికుంటే అతని ఉద్యోగం పర్మినెంటు. ఒక్కటి చనిపోయినా తొలగింపు. ఇది పథకంలోని పన్నెండో నిబంధన. (ఒకటి బతికుంటే సగం ఉద్యోగం ఇవ్వవచ్చునా అని నేను రాసిన లేఖకు జవాబు రాలేదు.)

“పెద్దది మేత ముడ్తలేదు సార్,” అన్నాడు మోతీలాల్ మొదటి వారంలోనే. “రెండూ మూలకు నక్కినయ్. జర జల్దీ రాళ్లు తెప్పియ్యండి. అవి పోతే నేను గూడ పోయినట్టే.”

రాయి రెండు విధాలు: కృత్రిమం, సహజం. ముందు కృత్రిమాన్ని ఆశ్రయించాను. బొజ్జయ్య మేస్త్రీ సిమెంటులో గవ్వల పొడి కలిపి ఒక రాయి చేశాడు. సముద్రం చూస్తే సిగ్గుపడేంత అందంగా వచ్చింది.

“ఇప్పుడే ఎయ్యకండి సార్,” అన్నాడు. “సిమెంటుల సున్నం దిగుతది, చేపలు సస్తయ్. రెండు నెలలన్న నీళ్లు మార్చుకుంట నానబెట్టాలె.”

తనిఖీ నెల రోజుల్లో ఉంది. అయినా నిర్మాణ విభాగానికి రాశాను. మనిషి చేసిన రాయి నిర్మాణమే కనుక దానికి శంకుస్థాపన తప్పనిసరి అని వారు తెలియజేశారు. శంకుస్థాపనకు ఒక రాయి కావాలి. ఆ రాయి సహజమైనదై ఉండాలి.

కనుక సహజానికి వచ్చాను. తీరప్రాంతపు శాఖ వారు ఏడు రాళ్లను సముద్రపు నీటి డ్రమ్ములో పెట్టి లారీలో పంపారు. మాకు నాలుగు కిలోమీటర్ల అవతల అటవీ చెక్‌పోస్టులో అవి ఆగిపోయాయి. ఆ గేటు దాటే ప్రతి రాయీ మా అడవి నుంచే తీసినదని భావించాలి. కాదని రాయి తరఫు వారు రుజువు చేసుకోవాలి. నేనూ మోతీలాలూ వెళ్లాం. చెక్‌పోస్టు అధికారి వెంకటనారాయణ గారు మర్యాదస్థులు. కుర్చీ తుడిచి వేశారు.

“ఈ ఫారంల ‘ఏ అడవి నుండి’ అని ఉంది. మీరేమో బంగాళాఖాతం అని రాసిండ్రు. బంగాళాఖాతం ఏ ఫారెస్టు రేంజిలో వస్తది సార్?”

“ఏ రేంజిలోనూ రాదండీ. అది సముద్రం.”

“అట్లనా. మరి బీటు గార్డు సంతకం ఎవరు పెడ్తరు?”

“అలలు పెడ్తయ్ సార్,” అన్నాడు మోతీలాల్.

“నవ్వులాట కాదు తమ్మీ. సహజం అంటే అడవి పేరు కావాలె. అడవి లేదంటే కృత్రిమం కింద రాసుకోవాలె. గప్పుడు చేసినోని పేరు కావాలె.”

“దేవుడు అని రాస్కోండి.”

“ఏ దేవుడో రాయాలె. చిరునామాతోని.”

తిరిగి వస్తుంటే మోతీలాల్ అన్నాడు: “తండాల పుట్టిన్నని నాకు కాయితం ఇయ్యనీకె మూడేండ్లు తీస్కున్నరు సార్. నేను మాట్లాడెటోన్ని. రాళ్లకు ఎన్నేండ్లు పడ్తదో.”

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. స్వాధీనంలో ఉన్న వస్తువును వచ్చిన స్థితిలోనే ఉంచాలని చెక్‌పోస్టు నియమం. దాన్ని వారు నిష్ఠతో పాటించారు. డ్రమ్ములో గాలి మోటారు పెట్టారు, నీటి వేడి చూడటానికి థర్మామీటరు వేలాడదీశారు, కాపలాకు ఒక మనిషిని నియమించారు. రాళ్లు పచ్చగా వర్ధిల్లాయి. ఒక రంధ్రంలోంచి చిన్న పీత బయటికొస్తే, స్వాధీనానంతర ప్రాప్తి అని అనుబంధ జాబితాలో ఎక్కించారు. సముద్రం తర్వాత ఆ రాళ్లు అంత సుఖంగా ఉన్న చోటు అదొక్కటే.

ఇరవై రెండో రోజు ఉదయం పెద్ద చేప అడుగున పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు మాత్రం కదులుతున్నాయి. మోతీలాల్ హాజరు పట్టీ తెరిచి, సంతకం పెట్టకుండానే మూసేశాడు.

అప్పుడు నాకు నా ప్రశ్నే తప్పని తోచింది. రాయి ఎక్కడికి రావాలన్నది శాఖల ప్రశ్న. చేప ఎక్కడికి పోవాలన్నది నా అధికారంలోనిది. పైగా చేప అటవీ ఉత్పత్తి కాదు. ఆ గేటు దగ్గరి ఫారంలో దానికి ఏ గడీ లేదు. అక్కడే నిలబడి ఉత్తర్వు రాశాను: ఇద్దరు మత్స్యములను తదుపరి ఆదేశముల వరకు చెక్‌పోస్టునకు డిప్యుటేషన్‌పై పంపడమైనది, మోతీలాల్ వెంట ఉండవలెను. పది నిమిషాల్లో ఆటో ఎక్కాం. బక్కెటు మోతీలాల్ ఒడిలో ఉంది, హాజరు పట్టీ నా ఒడిలో ఉంది.

వెంకటనారాయణ గారు ఉత్తర్వును రెండుసార్లు చదివారు. “చేపలు రాళ్లను ముట్టుకుంటే ఎట్ల సార్?”

“ముట్టుకోవడం రవాణా కిందికి రాదండీ.”

ఆయన లేచి, డ్రమ్ము మూత తానే తీశారు. మోతీలాల్ డ్రమ్ము నీళ్లు గ్లాసు గ్లాసుగా బక్కెట్లో కలిపి, గంట తర్వాత చేపల్ని వదిలాడు. రెండూ రాళ్లలోకి దూరాయి. ఎంతోసేపటికి పెద్దది ఒక రంధ్రంలోంచి మూతి బయటపెట్టి, నీట్లో కదిలే నలుసును అందుకుంది. మోతీలాల్ హాజరు పట్టీలో సంతకం పెట్టాడు. వెంకటనారాయణ గారు తన రిజిస్టరులో రాసుకున్నారు: రాళ్లు కదల్లేదు, అభ్యంతరం లేదు.

బడికి తిరిగొచ్చి, తొట్టిలో మిగిలిన నీళ్లు పారబోసి తుడిచి, సాయంత్రం టపాలోనే నివేదిక పంపాను: పాఠశాలలో ప్రస్తుతం చేపలు లేవు, రాళ్లు లేవు, నీళ్లు లేవు, పథకం ఏ లోపమూ లేకుండా అమలవుతున్నది.