కిటికీలో ఇన్‌స్పెక్టరు

ఆదివారం ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యతో కలిసి కుక్కల సంరక్షణ కేంద్రానికి వెళ్లాలి, చెవులు నిక్కబొడుచుకున్న ఓ కుక్కపిల్లను ఎంచుకోవాలి, టిఫిను వేళకు ఇంటికి చేరుకోవాలి. ఆయన పనిచేసేది బీమా కంపెనీలో. కాలిపోయిన కొట్లు నిజంగానే కాలాయా, విరిగిన కాళ్లు నిజంగానే విరిగాయా అని ఆరా తీయడం ఆయన ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే పని చేయడంతో, ఎవరైనా నమస్కారం పెట్టినా ఎందుకు పెట్టారా అని ఆలోచనలో పడేవాడు.

కేంద్రం నడిపే ఆవిడ కుక్కపిల్లలున్న గదివైపు వెళ్లకుండా, మూలన గోనెపట్టా మీద పడుకున్న గోధుమరంగు కుక్కను చూపించింది. దాని మూతి నెరిసిపోయి ఉంది.

"దీన్ని మేం తాత అంటాం. తొమ్మిదేళ్లు. చెప్పులు కొరకదు, ఇల్లు పాడుచేయదు, కూర్చోమంటే కూర్చుంటుంది. కుక్కపిల్లకైతే ఇవన్నీ మీరే నేర్పుకోవాలి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారుగా, ఆవిడతో నడవడానికి ఇదే సరైన జోడీ."

"ఇంత మంచిదైతే ఇన్నాళ్లూ ఎవరూ తీసుకెళ్లలేదేం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముసలిదని."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆ 'అంతేనండీ' వెనక ఏదో మతలబు ఉందని ఆయనకు తోచింది. కానీ అప్పటికే తాత తన గడ్డాన్ని ఆయన భార్య అరచేతిలో పెట్టేసింది. ఇక ఎవరు చెప్పినా ఆమె చెవికెక్కదు.

ఇంటికొచ్చాక అనుమానం ముదిరింది. కొరియరు అతను వచ్చాడు, కుళాయి బాగుచేసేవాడు వచ్చాడు. తాత తలెత్తి చూసి మళ్లీ పడుకుందే తప్ప ఒక్కసారి కూడా మొరగలేదు. "దీనికి చెవుడు. అందుకే అంటగట్టారు!" అని ఆయన గిన్నె మూత తెచ్చి, దాని వెనకాల నేలకేసి కొట్టాడు. తాత ఒక చెవి కదిపింది. కుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు మాత్రం ఎగిరిపడింది. ఒళ్లోని కళ్లజోడు కిందపడి పగిలింది.

"మీ పరీక్షలు తగలెయ్య! కళ్లజోడు లేకపోతే అమ్మకి మనిషికీ బీరువాకీ తేడా తెలీదు," అంటూ భార్య విసవిసా కళ్లజోళ్ల షాపుకు బయల్దేరింది.

చెవుడు కాదని తేలిపోయింది. మరి ఎందుకు మొరగదు? ఇన్‌స్పెక్టరు ఎదురింటికి వెళ్లి, రిటైరైన బస్సు కండక్టరు చెవిలో తన అనుమానం ఊదాడు. "అది దొంగలు పెంచిన కుక్కేమో! ముందు ఇంట్లో చేరి మంచిదనిపించుకుంటుంది. తర్వాత వాళ్లొస్తే నోరెత్తదు. మా ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండి."

రిటైరైనప్పటి నుంచి తోచక చస్తున్న కండక్టరు ముఖం వెలిగిపోయింది. "మీరు నిశ్చింతగా ఉండండి సార్," అని బీరువాలోంచి పాత విజిలు తీసి మెళ్లో వేసుకున్నాడు.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ రుజువు లేకుండా ఇన్‌స్పెక్టరుకు నిద్ర పట్టదు. తనే దొంగలా రెయిన్‌కోటు తొడుక్కుని, ముఖానికి మఫ్లరు చుట్టుకుని, పక్కసందులోంచి వంటింటి కిటికీ ఎక్కాడు. ఎదురింటి మేడ మీదికి ఆ సందు అద్దంలో చూసినట్టు కనిపిస్తుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. తల దూరింది, భుజాలు దూరాయి. పొట్ట దగ్గర ఇరుక్కుపోయాడు.

తాత నింపాదిగా వచ్చి వాసన చూసింది. తోక ఊపింది. మఫ్లరు పైనుంచే ఆయన ముక్కు నాకింది.

"దొరికావే దొంగముండా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు విజయగర్వంతో. మఫ్లరు మూలాన అందులో 'దొంగ' తప్ప మరేం వినపడలేదు.

"దొంగా?" అంటూ అత్తగారు లేచి వంటింట్లోకి వచ్చింది. కిటికీలో నల్లటి ఆకారం వేలాడుతూ మసకమసకగా కనిపించింది. చేతికందిన మురికినీళ్ల బకెట్టు ఎత్తి దాని నెత్తిన గుమ్మరించింది. బయట విజిలు మోగింది. వీధివీధంతా కర్రలు, చీపుర్లు పట్టుకుని సందులోకి దిగింది. కండక్టరు ఆయన కాళ్లు రెండూ ఒడిసిపట్టుకున్నాడు.

"అత్తయ్యా, నేనే!"

"అత్తయ్యట! వరసలు కలుపుతున్నాడు చూడండి!" అని ఆవిడ చీపురు అందుకుంది.

"కుక్క వాణ్ణి నాకుతోందా?" అని బయటి నుంచి కండక్టరు అరిచాడు.

"ఆహా, ఆప్యాయంగా నాకుతోంది!"

"అయితే మీ అల్లుడు చెప్పింది అక్షరాలా నిజమండీ! ఇది దొంగల కుక్కే. దాన్నీ కట్టేయండి!"

చీపురు గాల్లోకి లేచింది. అప్పుడు తాత ఆయనకూ చీపురుకూ మధ్యకొచ్చి నిలబడి, వచ్చాక మొదటిసారిగా మొరిగింది. ఒక్కసారే. అత్తగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ సమయానికి భార్య వచ్చింది. కొత్త కళ్లజోడు తల్లికి పెట్టి, తడిసిన మఫ్లరు లాగింది. వెనకాలే కేంద్రం ఆవిడ. కొత్త ఇంట్లో కుక్క ఎలా ఉందో చూడటానికి వచ్చిందట.

"దొంగొస్తే మొరగలేదండీ ఇది!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కిటికీలోంచే.

"దొంగెక్కడున్నాడు?" అంది ఆవిడ. "మీరు ముఖం కప్పుకున్నా దానికి మీ వాసన తెలుసు. ఒక్కపూటలో మిమ్మల్ని ఇంటి మనిషిగా ఒప్పుకుంది. మీరే దాన్ని ఒప్పుకోలేదు." ఆమె ఆయన్ను పైనుంచి కిందికి, కాలిపోయిన కొట్టు ముందు ఆయన నిలబడి చూసే చూపు చూసింది. "కుక్కకేం, బంగారం. నా అనుమానమంతా మీ మీదే. తీసుకెళ్లిపోతాను."

ఇన్‌స్పెక్టరు తాతకేసి చూశాడు. తన కోసం చీపురుకు అడ్డం నిలబడినవాళ్లు ఆయనకు ఇంతవరకూ ఎవరూ లేరు. "తీసుకెళ్లకండి. నన్ను నమ్మండి," అన్నాడు. ఆ మాట ఎదుటివాళ్ల నోట ఎన్నిసార్లో విన్నాడు గాని, తను అనడం అదే మొదలు.

ఆవిడ గొలుసు పట్టి పిలిచింది. తాత కదల్లేదు. కిటికీ కిందే కూలబడి, వేలాడుతున్న ఆయన చేతిని నాకుతూ కూర్చుంది. ఆవిడ నిట్టూర్చి, "సరే, దాని పూచీ మీద వదిలేస్తున్నాను," అని వెళ్లిపోయింది.

ఆయన్ను బయటికి లాగేసరికి చీకటి పడింది. అప్పటి నుంచి ఇన్‌స్పెక్టరు తన ఇంట్లోకి తలుపు గుండానే, అదీ బెల్లు కొట్టి మరీ వస్తున్నాడు.