ఒడ్డును గుద్దే పడవే మేలు

ఒడ్డుకు మెత్తగా వచ్చి ఆగే పడవ కంటే జనానికి పెద్ద చేటు మరొకటి లేదు!

మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. పడవ అన్నాక ఒడ్డు చేరాలి, చేరాక ఆగాలి, ఆగాక జనం పొడికాళ్లతో దిగాలి అని చిన్నప్పుడే ఎవరో మీకు నూరిపోశారు. అదంతా పాతకాలపు మాట. పడవ రేవును ధడేల్మని గుద్దాలి. మెట్టు పగలాలి. సర్కారు సారు నడుందాకా తడవాలి. ఊరికి మేలు జరిగేది అప్పుడే! నమ్మకం లేకపోతే తాండూరు రాజేశం సేటు సంగతి వినండి.

రాజేశం తాండూరు బజారులో కందుల వ్యాపారి. నాపరాళ్ల బేరం కూడా ఉంది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. వికారాబాదుకు ఇవతల ఒక వాగుకు అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలిపారు. నీళ్లయితే నిలిచాయి గానీ అవతలి మూడు పల్లెల బాట మునిగింది. సంతకైనా, దవాఖానకైనా, కచేరీకైనా నీళ్లు దాటాల్సిందే. ఆ రేవును వేలంలో పాడుకున్నవాడు రాజేశం.

మొదట ఆయన దగ్గర ఆరుగురు పట్టే చిన్న మోటారు పడవ ఉండేది. పాపం, బుద్ధిమంతురాలు. ఒడ్డు దగ్గరికి రాగానే ఎవరో ఒకరు మోకాలిలోతు నీళ్లలోకి దిగి ముక్కు పట్టుకుంటే మేకపిల్లలా ఆగిపోయేది. కానీ చేత్తో పట్టుకుంటే ఆగిపోయేదానికి గౌరవం ఏముంటుంది? పైగా బజారులో ఎదురు దుకాణం సోమేశ్వర్ జీపు కొన్నాడు. జీపు ముందు ఆరుగురి పడవ ఏ మూలకు?

అందుకని రాజేశం బొంబాయి నుంచి పెద్ద పడవ తెప్పించాడు. ముప్పై మంది పడతారు. పైన రేకుల కప్పు, ముందు గుండ్రటి స్టీరింగు, పక్కన హారన్! గూడ్సు బండిలో వచ్చి వికారాబాదు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి లారీ మీద ఊరేగి వచ్చింది. దానికి 'జలరాణి' అని పేరు రాయించాడు. చిన్నదాన్ని వచ్చిన ధరకు వదిలించుకున్నాడు. అక్కడితో ఆగాడా? మోటారు పడవ తిరిగే చోట వెదురుబుట్ట లాంటి పుట్టి తిరగడం నామోషీ అని సమితికి చెప్పి, పుట్టి వేయకూడదని ఆర్డరు తెప్పించాడు.

ఆ రేవులో ఉన్న పుట్టి ఒక్కటే. అది రాహేలమ్మది. కట్ట పడకముందు, వాగు పొంగే రోజుల నుంచీ ఆమె పెనిమిటి ఏసుదాసు నడిపేవాడు. ఆయనకు చూపు తగ్గాక ఆమే తెడ్డు పట్టింది. ఆర్డరు వచ్చిన రోజున రాహేలమ్మ తెడ్డును చూరులో దోపింది. పుట్టిని ఇవతలి రేవు పక్కనే ఉన్న ఇంటి ముందు బోర్లించి, దాని వీపు మీద మిరపకాయలు ఆరబోసింది.

పడవతో పాటు బొంబాయి నుంచి వచ్చిన మెకానిక్కు రెండు రోజులు ఉండి, ఇంజను ఎలా చాలూ చేయాలో చూపించి రైలెక్కాడు. ఎలా ఆపాలో రాజేశం అడగలేదు. పనులు మొదలుపెట్టే మనిషికి ఆపడంతో ఏం పని? స్టీరింగు ఇంకొకరి చేతిలో పెట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు. ఇంజను చూసుకునే జంగప్పను వెనక కూర్చోబెట్టి, తాను కొత్త టోపీ పెట్టుకుని ముందు కూర్చున్నాడు.

మొదటి రోజు నడినీళ్లలో అద్భుతంగా నడిపాడు. నడినీళ్లలో గుద్దడానికి ఏమీ ఉండదు. రేవు దగ్గరికి వచ్చేసరికి ఆయన కుడికాలు పలక మీద దేనికోసమో వెతకడం మొదలుపెట్టింది.

"జంగప్పా! బ్రేకేదిరా?"

"నీళ్లల్ల బ్రేకెక్కడిది సేటూ!"

జలరాణి రాతి మెట్లను ఢీకొంది. ఒక మెట్టు రెండు ముక్కలైంది. ఆ మెట్లకు రాయి ఇచ్చింది రాజేశమే. తన రాయిని తన పడవతో తానే పగలగొట్టుకున్న ఘనత వికారాబాదు, తాండూరు రెండింటిలోనూ ఆయన ఒక్కడిదే!

రెండో రోజు ముందుజాగ్రత్తగా దూరం నుంచే రివర్సు వేశాడు. ముక్కు ఒడ్డు వైపు చూస్తుండగా తోక పక్కకు కొట్టుకుపోయి పడవ అడ్డం తిరిగింది. పైన రేకుల కప్పు గాలికి తెరచాపలా పనిచేసి, జనాన్నంతా తుమ్మచెట్లలోకి చేర్చింది. మూడో రోజు ఇంజను ముందే బంద్ చేశాడు. పడవ నడినీళ్లలో నిలబడి, గాలి దయ కోసం ఎదురుచూసింది.

దీనివల్ల జనానికి కలిగిన లాభాలు చెప్పనా? పడవ గుద్దే ముందు గంప ఎత్తి పట్టుకోవడం ఆడవాళ్లకు అలవాటైంది. కునుకు తప్ప ఏ వ్యాయామమూ తెలియని ముసలివాళ్లు పడవ నుంచి మెట్టుకు దూకడం నేర్చారు. బడిపంతులు పాఠం చెప్పడానికి బయలుదేరి పొద్దుగూకే వేళకు ఒడ్డెక్కేవాడు. పిల్లలు ఆయన్ని దేవుడిలా కొలిచారు. మేకలైతే హారన్ వినగానే తమంతట తామే నీళ్లలోకి దూకి ఈదుకుంటూ పోయేవి. మేకలకున్న తెలివి మనుషులకు ఎప్పుడొస్తుంది?

ఇలా నెలన్నర గడిచింది. ఒకరోజు పొద్దున అవతలి ఒడ్డున బాలప్ప తన భార్య శాంతవ్వను పడవెక్కించాడు. ఆమెకు నొప్పులు. రాత్రే మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. వికారాబాదు దవాఖానకు పోవాలి.

రాజేశం హారన్ కూడా కొట్టకుండా బయలుదేరాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన చెడ్డవాడు కాదు, వట్టి గొప్పలవాడు. మెల్లగా తేవాలనుకున్నాడు, గాలి పక్కకు తోసింది. మళ్లీ చుట్టు తిప్పాడు, మెట్టుకు రెండు బారల దూరంలో తోక తిరిగిపోయింది. మూడోసారి గుద్దుతుందేమోనని భయపడి తానే వెనక్కి లాగాడు. నాలుగోసారి కూడా అంతే. శాంతవ్వ పలక మీద పడుకుని చెక్క అంచును పట్టుకుంది. బాలప్ప ఒడ్డు వైపు చూసి అరవడం మొదలుపెట్టాడు.

మిరపకాయలు నేల మీద పడ్డాయి. పుట్టి నీళ్లలో పడింది. రాహేలమ్మ నాలుగు తెడ్లు వేసి జలరాణి పక్కకు వచ్చింది.

"ఇంజను బంద్ చెయ్ సేటూ! చేసి ఊకె కూసో. బాలప్పా, శాంతవ్వను నా చేతికియ్యి."

రాజేశం ఊకె కూచున్నాడు. పుట్టి గిరగిరా తిరుగుతూ పోయి, చాప పరిచినంత మెత్తగా ఒడ్డును తాకింది. మధ్యాహ్నానికి వికారాబాదు నుంచి కబురు వచ్చింది: తల్లీ క్షేమం, బిడ్డా క్షేమం.

అవతలి పల్లెల్లో రాయడం వచ్చిన పెద్దమనిషి పెద్దయ్య. ఆ రోజే అర్జీ రాశాడు. "మాకు పడవ వద్దు, బ్రిడ్జి కావాలె" అని. మూడు పల్లెలు వేలిముద్రలు వేశాయి. సర్కారు ఒక ఇంజనీరును పంపింది. ఆయన అర్జీ చదివి మొదట నమ్మలేదు. తర్వాత జలరాణి ఎక్కాడు. దిగేటప్పుడు బూట్లతో, ఫైలుతో, నడుందాకా నీళ్లలో దిగాడు. "బ్రిడ్జి అత్యవసరం" అని తడిసిన కాగితం మీదే రాశాడు! వారం తిరక్కుండా రెండు ఒడ్ల మీదా కొలత మేకులు పడ్డాయి. ఎర్రరంగు పూసిన మేకులు. పల్లెల ఆడవాళ్లు వాటికి పసుపు రాశారు. ఇక ఇంజనీరు పైనున్న పెద్దసారు ఒకసారి వచ్చి చూసి సంతకం పెడితే చాలు.

ఇంజనీరు తడిసినందుకు రాజేశం బాధపడలేదు. శాంతవ్వ గుర్తొచ్చినప్పుడే ఆయన అన్నం కంచం పక్కకు నెట్టేవాడు. ఒక ఆడమనిషి, బోర్లించిన పుట్టి, నాలుగు తెడ్లు! పది రోజులు బజారుకు కూడా సరిగా రాలేదు. పదకొండో రోజు రాహేలమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు.

"రాహేలమ్మా, నాకు పడవ ఆపుడు నేర్పు."

ఆమె మిరపకాయలు ఏరుతూనే ఉంది. "నా పుట్టి మీద ఆర్డరు?"

"తీసేయిస్త."

"పా మరి."

రాహేలమ్మ జలరాణి స్టీరింగును తాకను కూడా లేదు. పక్కన నిలబడి చెప్పింది. "ఇది బండి గాదు సేటూ, బర్రె. బర్రెను కొట్టంల తోల్తవా, గుంజుతవా? దూరంకెల్లే సోయి జెయ్యాలె. గాలి యాడికెల్లి వస్తుందో చూడు. గాలి వెనకకెల్లి ఉంటె నిన్ను తోస్తది. సుట్టు తిరిగి ఎదురు రా. గాలే నీకు బ్రేకు."

చుట్టు తిరిగాడు. ఎదురు వచ్చాడు.

"గిప్పుడు ఇంజను తగ్గియ్యి. ఇంక తగ్గియ్యి. భయపడకు, అదే పోతది. ముందు తాడు జంగప్పకియ్యి. తాడు పడ్డంక జరంత రివర్సు. జర అన్న, గంత గాదు!"

పన్నెండు రోజులు గుద్దాడు. పదమూడో రోజు జలరాణి మెట్టు పక్కకు వచ్చి, ఆవు దూడను నాకినట్టు రాయిని తాకి ఆగింది. రాజేశం స్టీరింగు వదల్లేదు. అలాగే కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. కందుల బేరంలో ఎంత లాభం వచ్చినా ఆయనకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. తన చేతులకు కొత్తగా ఒక విద్య వచ్చింది, యాభై ఏళ్లకు!

చూశారా, చేటు ఎంత మెత్తగా వచ్చి ఒడ్డును తాకిందో!

పెద్దసారు వచ్చే తేదీ ఖరారైంది. మూడు పల్లెల మనుషులు, ముందు పెద్దయ్య, వెనక రాహేలమ్మ, తాండూరులో రాజేశం ఇంటికి వచ్చారు. సేటు భార్య సత్యమ్మ మంచినీళ్లు ఇచ్చింది. పెద్దయ్య చాలాసేపు నీళ్లు తాగాడు.

"సేటూ, ఒక్క మాట. ఎల్లుండి సారు వస్తున్నడు గద. గా ఒక్కరోజు... జర పాత లెక్క గుద్దు."

రాజేశానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "నేర్చుకున్నది మర్సిపొమ్మంటరా?"

రాహేలమ్మ ముందుకొచ్చింది. "నేర్పినదాన్ని నేనే అడుగుతున్న. గుద్దుడు నీకు కొత్తనా? ఒక్కపారి గుద్దు. బ్రిడ్జి పడ్డంక రోజూ ముద్దుగ ఆపుకో, ఎవరొద్దన్నరు?"

"బ్రిడ్జి పడ్డంక నా పడవెవ్వడెక్కుతడు?" అన్నాడు రాజేశం.

సత్యమ్మ లోపలి నుంచే అంది: "గా పోరి పడవల పండుకోని మొత్తుకుంటుంటె నువ్వు నాలుగు సుట్లు తిప్పినవు. ఒక్క సుట్టు ఆల్ల కోసం తిప్పరాదు?"

రాజేశం తల వంచుకున్నాడు. "సరే. గుద్దుత" అన్నాడు. మనసారానే అన్నాడు. అది కూడా ఒప్పుకోవాలి.

పెద్దసారు వచ్చాడు. మెడలో బంతిపూల దండ, చేతిలో చాయ్ కప్పు. జలరాణి ఎక్కి, కప్పు సాసరుతో సహా ముందు బల్ల మీద కూర్చున్నాడు. రెండు ఒడ్ల మీదా జనం. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రార్థన: దేవుడా, గుద్దించు!

రేవు దగ్గర పడింది. గాలి వెనక నుంచి ఉంది. గుద్దడానికి అంతకంటే మంచి గాలి దొరకదు. రాజేశం పళ్లు బిగించి నేరుగా పట్టాడు. అప్పుడు పెద్దసారు ఆయన వైపు తిరిగి అడిగాడు: "ఇంజనీరు పాపం ఈ పడవలోనే తడిసిపోయాడట కదా? నడిపింది మీరేనా?"

అంతే! రాజేశం చేతులు వాటంతట అవే తిరిగాయి. పడవ చుట్టు తిరిగి గాలికి ఎదురైంది. ఇంజను తగ్గింది. తాడు పడింది. జరంత రివర్సు, జర అంటే జరే. జలరాణి మెట్టును తాకింది. కప్పులో చాయ్ అంచు దాకా వచ్చి, ఒక్క చుక్క కూడా ఒలకకుండా వెనక్కి పోయింది.

"శభాష్!" అన్నాడు పెద్దసారు. పొడి బూట్లతో దిగి, పొడి కాగితం మీద, పొడి కలంతో రాశాడు: "పడవ సౌకర్యం ప్రశంసనీయం. బ్రిడ్జి అనవసరం."

నెల తిరగకముందే మేకులు పీకారు. పసుపు రాసిన మేకులు కదా, ఒకటి రెండు గట్టిగా పట్టుకున్నాయి.

తర్వాత రాజేశం చెల్లని రూపాయి అయ్యాడు. పొడికాళ్లతో దిగిన ప్రతి మనిషీ ఆయన్ని తిట్టుకుంటూనే దిగాడు. ఆయన మాత్రం ఏ రోజూ గుద్దలేదు. గుద్దడం చేతకాకపోయింది పాపం!

ఇప్పుడు చెప్పండి, సర్కారు దగ్గర మనకు ఏ విద్య పనికొస్తుంది? బావిలో నీళ్లు అడుగంటకపోతే కొత్త బావి రాదు. బడి కప్పు కూలకపోతే కొత్త బడి రాదు. ఉన్న కష్టాన్ని కాస్త నేర్పుగా ఈదుకుంటూ వస్తే, ఈదడం వచ్చింది కదా, వంతెన ఎందుకంటారు. కష్టపడి బతకడం నేర్చినవాడికే మన దేశంలో శిక్ష!

మరుసటి ఏడు రేవును వేలంలో సోమేశ్వర్ పాడుకున్నాడు. జీపు కొన్న సోమేశ్వరే. జలరాణి కంటే పెద్ద పడవ తెచ్చాడు, నలభై మందిది. మొదటి రోజు దాన్ని తానే నడిపాడు. అవతలి ఒడ్డున కందులు చూసుకుని ఇంటికి తిరిగివస్తున్న రాజేశం కూడా అందులోనే ఉన్నాడు, జనం మధ్యన, మామూలు బల్ల మీద.

రేవు దగ్గర పడుతోంది. గాలి వెనక నుంచి. ఇంజను ఫుల్లు. సోమేశ్వర్ కుడికాలు పలక మీద దేనికోసమో వెతుకుతోంది.

రాజేశం గబుక్కున లేచాడు. "సుట్టు తిప్పు" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పడవలోని నలభై మందీ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఎదురుగా ఒడ్డు మీద నడుం మీద చెయ్యి వేసుకుని రాహేలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది.

రాజేశం నోరు మూశాడు. మెల్లగా కూర్చున్నాడు. ధోవతి మోకాళ్ల పైకి ఎగజెక్కి, కందుల మచ్చు సంచిని నెత్తిన పెట్టుకున్నాడు.