ముందు విందు, తర్వాత కళ్ళు

కంటి జబ్బును తరిమే ముందు, దాన్ని తరమడానికి వచ్చిన అతిథుల ఆకలిని తరమాలన్నది మా జిల్లా ఆరోగ్యశాఖ మూలసూత్రం. దాని పుణ్యమా అని మా కిర్గిజ్ కొండల్లో నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా మీద అంతర్జాతీయ సహకారం ఏటేటా బలుస్తోంది. (సహకారంతో పాటు పెద్ద డాక్టరు సగిన్‌బెక్ గారు కూడా.)

అంతా పద్ధతి ప్రకారమే. మొదటి రోజు స్వాగత విందు. రెండో రోజు, ఆ విందు చాలలేదేమోనన్న అనుమానంతో ఇంకో విందు. మూడో రోజు రోగులు. ఆ పొద్దున్నే కనుమ దారిలో మంచు పడేలా ఉందని కబురొస్తుంది, అతిథులు బయల్దేరిపోతారు. ఆసుపత్రి బండిలో వాళ్ళను దిగబెట్టేది నేనే గనక ఈ శాస్త్రంలో నాకూ కాస్త ప్రవేశం ఉంది.

కంటి ఒత్తిడి కొలిచే యంత్రం మాకు లేదనేవాడు అబద్ధాలకోరు. నిరుడొచ్చిన విదేశీ డాక్టర్ల బృందం ఇచ్చి వెళ్ళింది. పెద్ద డాక్టరు గదిలో ప్లాస్టిక్ కవరు మీద కంబళి కప్పుకుని ఊరందరికంటే వెచ్చగా ఉంది. వాడితే పాతబడుతుంది. పాతబడితే ఈ ఏటి బృందానికి ఏం చూపిస్తాం?

బృందాలకు రొట్టె అందించి స్వాగతం చెప్పేది మా అత్తగారు, ఊరందరికీ బురుల్‌కాన్ అపా, అంటే అమ్మ. కొన్నాళ్ళుగా ఆమె చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తోంది. ఎదురుగా ఉన్నది తప్ప ఏమీ ఆనదు. శాఖ దీన్ని క్రమశిక్షణగా గుర్తించింది. "అటూ ఇటూ దిక్కులు చూడదు. ఫోటోల్లో ఎంత బాగా వస్తుందో!" అంటారు సగిన్‌బెక్ గారు.

"అల్లుడా, ఈసారైనా నా కళ్ళు చూస్తారంటావా?" అంది అపా, ఈ ఏటి విందుకు వెళ్తూ బండిలో.

"మూడో రోజు చూస్తారు అపా."

"ఇట్టాగే పోతే చివరికి నీ మొహం కూడా కనబడదురా. లాభం అదొక్కటే."

రెండో విందులో ఉడికిన గొర్రె తలను డాక్టర్ హల్వర్సెన్ అనే నార్వే ఆయన ముందు పెట్టారు. మా ఆచారం ప్రకారం తల అందుకున్న పెద్దమనిషి దాని కన్ను తీసి, ఎవర్ని మళ్ళీ మళ్ళీ చూడాలనుకుంటాడో వాళ్ళకివ్వాలి. సగిన్‌బెక్ గారు దగ్గి, పళ్ళెం ముందుకు జరిపారు. ఆ వెర్రిబాగులాయన మాత్రం కత్తి మొనకు కన్ను గుచ్చి, తనకు రొట్టె ఇచ్చిన అపాకు పక్కనుంచి అందించాడు.

అపా తాపీగా టీ తాగుతోంది.

"పుచ్చుకో అపా!" అని సగిన్‌బెక్ గారు పళ్ళు బిగించి అన్నారు.

"ఏదీ? ఎక్కడా?"

నార్వే డాక్టరు మొహంలో నవ్వు పోయింది. దుబాసీతో చెప్పించాడు: "ఒక కన్ను మూసుకోండి. నా ముక్కునే చూడండి. ఇది కనబడగానే చెప్పండి."

గొర్రె కన్ను అపా చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు కదిలింది. అందరూ నమలడం ఆపేశారు.

"నీ ముక్కయితే కనబడుతోంది నాయనా. అది కనబడకుండా ఎట్టా ఉంటుంది?" అంది అపా. గొర్రె కన్ను ఆ ముక్కు దాకా వచ్చాకే "ఆఁ, వచ్చింది!" అంది.

"పరీక్షలు రేపు కదండీ!" అని సగిన్‌బెక్ గారు నియమం గుర్తుచేశారు.

"మీ యంత్రం తెప్పించండి," అన్నాడు డాక్టరు.

కంబళి తీశారు. మాంసం పళ్ళాల మధ్య యంత్రాన్ని నిలబెట్టి, దాన్ని ఎలా వాడాలో మా ఊరి కంటి డాక్టరమ్మ చేత చేయించి మరీ నేర్పించాడు. వంటవాళ్ళతో సహా అందరూ వరసలో నిలబడ్డారు. పొద్దున మంచు కబురు వచ్చింది గానీ వినేందుకు ఎవరికీ తీరిక లేదు.

అపాకు చుక్కల మందు దొరికింది. ఆపరేషను రాజధాని బిష్కెక్ సర్జనూ ఈయనా కలిసి చేశారు. పోయిన చూపు రాదట, ఉన్నది నిలుస్తుందట.

"అంటే నీ మొహం చచ్చేదాకా చూడాల్సిందేనట. డాక్టరు మంచివాడే, శిక్షే పెద్దది వేశాడు," అంది అపా నవ్వుతూ.

శాఖ కూడా ఈ అనుభవం నుంచి పాఠం నేర్చుకుంది. పరీక్షలకు ఇక మూడో రోజు దాకా ఆగక్కర్లేదని కొత్త ఉత్తర్వు వచ్చింది. రోగులు ఎవరి గొర్రెను వాళ్ళే తెచ్చుకుంటే చాలు.